తిమింగలం పెట్టిన వారాలు

వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళ సంగతులు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం ప్లీడరుగారింట్లో, బుధవారం ఎవరో పిన్నమ్మగారింట్లో... ఇలా ఏడు ఇళ్ళల్లో ఏడు రోజులు తిని, వీధి దీపం కింద చదువుకుని, జడ్జీలూ డాక్టర్లూ అయినవాళ్ళు మనలో కొల్లలు. వారం పెట్టిన ఇల్లాళ్ళు చాలామంది ఆ కుర్రాడి దగ్గర ఏమీ ఆశించలేదు. కొందరు ఆశించారు. నీళ్ళు తోడమనో, పిల్లలకు ఎక్కాలు చెప్పమనో, మరీ చురుకైనవాడైతే మా అమ్మాయిని చేసుకోమనో! తిన్న అన్నానికీ, తర్వాత ఎప్పుడో విప్పవలసిన నోటికీ మధ్య ఒక సన్నని లంకె ఉంటుంది. ఆ ఇబ్బంది ఏమిటో తిన్నవాడికే తెలుస్తుంది.

నేను చెప్పబోయేది తిమింగలాల ఇంట్లో వారాలు చేసుకున్న కొందరు కుర్రాళ్ళ సంగతి. నవ్వకండి. ఇది కట్టుకథ కాదు, అచ్చంగా జరిగిన చరిత్రే.

తిమి అనే మహామత్స్యాన్ని మింగేది గనక తిమింగలమనీ, దాన్ని కూడా మింగేది తిమింగలగిలమనీ మన పూర్వులు వరస పెట్టి పేర్లు పెట్టారు. ఆ చివరిది సముద్రంలో ఎవరికీ కనిపించలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది ఒడ్డునే కనిపించింది. రెండు కాళ్ళమీద నడుస్తూ, చేతిలో ఫిరంగి బల్లెం పట్టుకుని!

దక్షిణ ధ్రువానికి పోయే దారిలో దక్షిణ జార్జియా అని ఒక మంచు దీవి ఉంది. చెట్టన్నది లేదు. 1904లో కార్ల్ లార్సెన్ అనే నార్వే నావికుడు అక్కడ గ్రిత్వికెన్ అనే చోట తిమింగలాల వేటకు కేంద్రం పెట్టాడు. చుట్టూ ఉన్న సముద్రంలో తిమింగలాలు మన చెరువులో చేపల్లా ఉన్నాయి. వాటి కొవ్వు కరిగిస్తే నూనె. ఆ నూనెతో సబ్బు. ఆ నూనెను గట్టిపరిచే పద్ధతి వచ్చాక మార్గరీన్ అనే కృత్రిమ వెన్న. మన డాల్డాకు దొరసాని చెల్లెలన్నమాట. మొదటి ప్రపంచయుద్ధంలో అదే నూనె నుంచి గ్లిసరిన్ తీసి పేలుడు మందు చేశారు. దొరల ఇళ్ళల్లో ముఖం కడుక్కోవడానికీ, రొట్టెకు రాసుకోవడానికీ, యుద్ధంలో మనిషిని చంపడానికీ ఒకే నూనె!

ఆ దీవి బ్రిటిష్‌వాళ్ళది. వేటగాళ్ళు చాలావరకు నార్వేవాళ్ళు. కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సులిచ్చి, ఎగుమతయ్యే నూనె మీద పన్ను వేసింది. డబ్బు బాగానే వచ్చిపడుతోంది. కాని లండన్‌లో వలస రాజ్యాల కార్యాలయంలో కూర్చున్న గుమాస్తాలకు ఒక బెంగ పట్టుకుంది. ఉత్తర సముద్రాల్లో మెల్లగా ఈదే తిమింగల జాతుల్ని అంతకుముందే వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. ఇక్కడా అదే జరిగితే? 1917లో ఒక కమిటీ వేశారు. అది 1920లో నివేదిక ఇచ్చింది. అసలు తిమింగలం ఎన్నేళ్ళకు ఈడేరుతుంది, ఎన్నాళ్ళు మోస్తుంది, ఏం తింటుంది, ఎక్కడికి పోతుంది అన్నది ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలి అని దాని సారాంశం. దీన్ని జాలి అనుకుంటే మనం పొరపాటు పడ్డట్టే. పాలిచ్చే గేదె వట్టిపోతుందేమోనన్న భయం అది. భయమైతేనేం, దాన్నుంచి ఒక మంచి పని పుట్టింది. నూనె మీద వచ్చిన పన్ను డబ్బులోంచే కుర్రశాస్త్రజ్ఞులకు జీతాలిచ్చి, ఓడలిచ్చి, తిమింగలాల్ని చదవమని పంపాలని తేల్చారు. డిస్కవరీ కమిటీ అని దానికి పేరు.

అప్పటిదాకా సముద్ర జంతువుల చదువు ఎలా సాగిందో చెప్పడానికి మన విశాఖపట్నమే సాక్ష్యం. అమరావతి స్తూపాన్ని తవ్వించి ఆ శిల్పాలను మద్రాసుకు చేర్చిన వాల్టర్ ఇలియట్ దొర పేరు మీరు వినే ఉంటారు. ఆయనే 1852లో విశాఖ రేవులో ఒక పొట్టి మూతి డాల్ఫిన్‌ను సంపాదించాడు. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దాన్ని పరిశీలించి 1866లో కొత్త జాతిగా లోకానికి ప్రకటించాడు. లోకం ఇప్పుడు దాన్ని ఇరావదీ డాల్ఫిన్ అంటుంది. పుట్టిల్లు విశాఖ, ఇంటిపేరు బర్మాది! ఇలియట్‌కు జీతం సర్కారు పరిపాలనకు. జంతువుల చదువు తీరిక వేళ సరదా. తీరికా, హోదా ఉన్న దొరకు సరే. ఆ రెండూ లేని ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి తిమింగలం మీద ఎంత ఇష్టమున్నా దారి ఏది? డిస్కవరీ కమిటీ గొప్పదనం ఇక్కడుంది. సరదాను ఉద్యోగం చేసింది.

ఈ పనికి పెద్దగా ఎంచుకున్న స్టాన్లీ కెంప్ కూడా మన దేశంలో పనిచేసినవాడే. 1910లో కలకత్తా మ్యూజియంలో చేరి, తర్వాత భారత జంతు సర్వే సంస్థలో పెద్దస్థానానికి ఎదిగాడు. ఇచ్ఛాపురం దాటి పైకి వెళితే వచ్చే చిలకా సరస్సులో జీవాలను ఆనండేల్‌తో కలిసి పరిశీలించినవాళ్ళలో ఆయనొకడు. మన విశాఖ డాల్ఫిన్ బంధువులు ఇప్పటికీ ఈదుతున్నది ఆ సరస్సులోనే. అక్కణ్ణుంచి 1924లో ఆయన్ను పిలిచి దక్షిణ సముద్రం అప్పగించారు.

ఓడ పేరు డిస్కవరీ. 1901లో కెప్టెన్ స్కాట్ ధ్రువయాత్రకు కట్టిన కొయ్య ఓడ. దాన్ని బాగుచేసి 1925లో పంపారు. అందులో ప్రధాన జంతుశాస్త్రజ్ఞుడు అలిస్టర్ హార్డీ. అప్పటికాయన ముప్ఫై నిండనివాడు. తిమింగలాన్ని తెలుసుకోవాలంటే ముందు దాని అన్నం సంగతి తెలుసుకోవాలి కదా. కొన్ని వందల బస్తాల బరువుండే ఆ ప్రాణి తినేది క్రిల్ అని మన రొయ్యపొట్టు లాంటి చిన్న జీవిని. సముద్రంలో ఆ సూక్ష్మజీవాలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ పలచగా ఉన్నాయో తెలుసుకోవడానికి హార్డీ ఒక యంత్రం తయారుచేశాడు. ఓడ వెనక తాడు కట్టి లాగితే, లోపల పట్టుగుడ్డ మెల్లగా చుట్టుకుంటూ పోతుంది. నీళ్ళలోని సన్నజీవాలు ఆ పట్టుమీద అంటుకుని అలాగే ఉండిపోతాయి. ఒడ్డుకొచ్చాక పట్టు విప్పితే ఏ మైలు దగ్గర ఏమున్నదో చీర అంచులా వరసగా కనిపిస్తుంది. తిమింగలం కోసం పుట్టిన ఆ పట్టుగుడ్డ యంత్రాన్ని 1931 నుంచి మామూలు సరుకు ఓడలకు కట్టడం మొదలుపెట్టారు. ఈనాటికీ కడుతూనే ఉన్నారు. సముద్రాలు వేడెక్కుతున్నాయని చెప్పే సాక్ష్యాల్లో ఇప్పుడు దానికీ పెద్దపీట ఉంది.

ఇంకో జట్టు ఓడ మీద కాదు, నేరుగా గ్రిత్వికెన్ కబేళా పక్కనే దిగింది. వాళ్ళలో మెకింటోష్‌కు అప్పుడు పాతికేళ్ళు. వీలర్, హారిసన్ మాథ్యూస్ కూడా కుర్రవాళ్ళే. వాళ్ళ పని ఏమిటంటారా? వేటగాళ్ళు ఒడ్డుకు లాక్కొచ్చిన ప్రతి తిమింగలాన్నీ, అది ముక్కలయ్యేలోపల కొలవడం. పొడవెంత, కొవ్వు మందమెంత, కడుపులో ఏముంది, గర్భముందా, ఉంటే పిల్ల ఎన్ని అంగుళాలు... కూలివాళ్ళ కత్తుల మధ్య, మోకాలిలోతు నెత్తుట్లో, ఆ కంపులో నిలబడి రాసుకోవాలి. దక్షిణ జార్జియాలోనూ, దక్షిణాఫ్రికా తీరంలోనూ కలిపి 1600కు పైగా తిమింగలాల్ని ఇలా చదివారు. అన్నం పెట్టిన తల్లి శవం మీద కూచుని పాఠం నేర్చుకున్నట్టే కదా, ఆలోచిస్తే.

వాళ్ళు నేర్చుకున్న పాఠం మామూలుది కాదు. ఆడ తిమింగలం అండాశయం మీద ప్రతి విడతా ఒక మచ్చ మిగిలిపోతుందట. ఎన్నేళ్ళయినా చెరిగిపోదట. ఆ మచ్చలు లెక్కపెడితే ఆ తల్లి గడిపిన బతుకును అంచనా వేయవచ్చు. కడుపుతో ఉండేది దాదాపు ఏడాది. కానుపుకు ఒకే బిడ్డ. ఆ బిడ్డ పుడుతూనే ఇరవై మూడడుగులుంటుంది. మళ్ళీ కడుపు పండడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఇంత నిదానంగా కనే జీవిని అంత తొందరగా చంపితే ఏమవుతుందో చెప్పడానికి గణితం అక్కర్లేదు, సంసారం చేసిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

వాళ్ళ పెద్ద నివేదిక 1929లో అచ్చయింది. ఆడ నీలి తిమింగలం సగటున 77 అడుగులు దాటితేగాని ఈడేరదని అందులో స్పష్టంగా ఉంది. 1937లో దేశాలన్నీ లండన్‌లో కూచుని వేటకు నియమాలు రాసుకున్నాయి. నీలి తిమింగలం కనీసం ఎంతుంటే చంపవచ్చో తెలుసా? 70 అడుగులు! అంటే ఇంకా ఈడేరని పిల్లను చంపడానికి కూడా చట్టమే అనుమతి ఇచ్చిందన్నమాట. ఆ నివేదిక వచ్చిన 1929లోనే మనదేశంలో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళన్నది. లెక్క తెలిసినవాళ్ళు చెప్పేది ఒకటి, బేరమాడేవాళ్ళు ఒప్పుకునేది ఒకటి. మనిషి ఆడపిల్లయినా, తిమింగలం ఆడపిల్లయినా!

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. శాస్త్రజ్ఞుల ఓడ బయల్దేరిన 1925లోనే లాన్సింగ్ అనే నార్వే ఓడ కూడా దక్షిణ సముద్రానికి వెళ్ళింది. దాని వెనక భాగంలో ఏటవాలుగా ఒక పెద్ద ద్వారం. తిమింగలాన్ని ఆ దారినే పైకి లాగి, నడిసముద్రంలోనే కోసి, ఉడికించి, నూనె తీసేయవచ్చు. ఒడ్డు అక్కర్లేదు. ఒడ్డు అక్కర్లేకపోతే లైసెన్సూ అక్కర్లేదు, పన్నూ అక్కర్లేదు! చూస్తూ ఉండగానే అలాంటి ఓడలు పెరిగిపోయాయి. 1930–31లో ఒక్క వేటకాలంలో దక్షిణ సముద్రంలో చంపిన నీలి తిమింగలాలు దాదాపు 29,000. వారం పెడుతున్న ఇంటి పెరట్లో దొంగలు పడ్డారు. కుర్రాళ్ళ జీతాలకు ఆధారమైన పన్నూ సన్నగిల్లింది, తిమింగలమూ సన్నగిల్లింది.

అయినా వాళ్ళు పని ఆపలేదు. చచ్చినదాన్ని కొలిస్తే అది ఎక్కడ చచ్చిందో తెలుస్తుందేగాని, బతికినన్నాళ్ళు ఎక్కడ తిరిగిందో తెలియదు. అందుకని బతికున్న తిమింగలాల కొవ్వులోకి ఒక గుర్తును తుపాకితో పేల్చేవాళ్ళు. మొదట్లో వాడిన గుర్తులు నిలవలేదు, ఊడిపోయాయి. 1932 నుంచి ఉక్కు గొట్టాల్లాంటివి వాడారు. ప్రతిదాని మీదా ఒక నంబరు, లండన్ చిరునామా, తిరిగి పంపినవారికి బహుమానం అన్న మాట. ఏళ్ళ తర్వాత ఎక్కడో కోతలో కత్తికి తగిలి ఖణేల్‌మనేది. ఒక్కోసారి ఉడికించిన బాయిలరు అడుగున దొరికేది. 1939 లోపల 5000కు పైగా తిమింగలాలకు ఇలా గుర్తులు వేశారు. జవాబు వస్తుందో రాదో తెలియకుండా వేసిన 5000 ఉత్తరాలనుకోండి.

ఓపిక గురించి ఇంకో రెండు మాటలు. జేమ్స్ మార్ అనేవాడు బాలభటుడిగా షాకిల్టన్ ఆఖరి యాత్రకు వెళ్ళినవాడు. 1927లో డిస్కవరీ పనిలో చేరాడు. క్రిల్ మీద ఆయన రాసిన బృహద్గ్రంథం వెలువడింది 1962లో. ముప్ఫై అయిదేళ్ళు! హెలీన్ బర్గ్‌మన్ అనే ఆమె, ఓడలు తెచ్చిన సీసాల్లోని క్రిల్‌ను పరిశీలించి, అది పెరిగి పెద్దదై గుడ్లు పెట్టేదాకా దాని జీవితాన్ని 1945లో రాసిపెట్టింది. అలాంటి ఓడల మీద ఆడవాళ్ళకు ఆ రోజుల్లో చోటెక్కడిది? సముద్రం వాళ్ళకు, సీసాలు మనకు! 1925లో ఆ జట్టులో చేరిన కుర్రాడు ఫ్రాన్సిస్ ఫ్రేజర్ తర్వాత బ్రిటిష్ మ్యూజియంలో పనిచేశాడు. సరవాక్ తీరంలో దొరికి మూల పడి ఉన్న ఒక ఎముకల గూడును చూసి 1956లో ఇది కొత్త జాతి డాల్ఫిన్ అన్నాడు. అలాంటిది ఒళ్ళంతటితో శాస్త్రజ్ఞుల కంటపడడానికి 1971 దాకా పట్టింది. ఇప్పుడు దాని పేరు ఫ్రేజర్ డాల్ఫిన్.

రెండో యుద్ధం అయ్యాక 1946లో దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ తిమింగల ఒడంబడిక చేసుకున్నాయి. తీరా వాళ్ళు పెట్టుకున్న లెక్క చూడండి. ఒక నీలి తిమింగలం ఇద్దరు ఫిన్ తిమింగలాలకు సమానం, రెండున్నర హంప్‌బాక్‌లకు సమానం, ఆరు సెయి తిమింగలాలకు సమానం. రూపాయికి నాలుగు పావలాలన్నట్టు! ఏడాదికి 16,000 నీలి తిమింగలాలకు సరిపడా నూనె తీయవచ్చన్నారు. ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్నే లేదు. పాతికేళ్ళ వయసులో నెత్తుట్లో నిలబడి కొలిచిన మెకింటోష్ ఇప్పుడు పెద్దమనిషై ఆ సంఘపు శాస్త్రజ్ఞుల కమిటీలో కూర్చున్నాడు. శాస్త్రజ్ఞులు తగ్గించండి అంటే వేటదేశాలు రుజువేదీ అనేవి. రుజువు దొరికేసరికి తిమింగలాలు దొరకడం మానేశాయి.

చివరికి 1960లో ముగ్గురు లెక్కల నిపుణులను పిలిచారు. అలెన్, చాప్‌మన్, సిడ్నీ హోల్ట్. హోల్ట్‌కు అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. చేపల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎలా తరుగుతుంది అన్న విషయం మీద అంతకుముందే స్నేహితుడు బెవర్టన్‌తో కలిసి రాసిన గ్రంథంతో పేరు తెచ్చుకున్నాడు. అది కూడా సర్కారు జీతం మీద కుర్రతనంలో చేసిన పనే. ఆ ముగ్గురూ 1963లో తేల్చింది ఏమిటంటే, దక్షిణ సముద్రంలో నీలి తిమింగలాలు రెండు వేలకు లోపే మిగిలాయి, వీటి వేట పూర్తిగా ఆపాలి. 1960ల నడుమకల్లా నీలి తిమింగలానికి కాగితం మీద రక్షణ వచ్చింది. వ్యాపార వేట మొత్తం మీద నిషేధానికి 1982లో ఓటు వేశారు, అమలు 1985–86 నుంచి.

కాగితం మీద అని ఊరికే అనలేదు. 1993లో రష్యా శాస్త్రజ్ఞులే ఒక రహస్యం బయటపెట్టారు. సోవియట్ ఓడలు దక్షిణార్ధగోళంలో 48,000 పైచిలుకు హంప్‌బాక్ తిమింగలాలను చంపి, లోకానికి 2,710 అని చెప్పాయట! ఆ ఓడల మీద కూడా జీతం తీసుకున్న కుర్రశాస్త్రజ్ఞులున్నారు. వాళ్ళు రాసిన నిజం లెక్కలు బయటికి రానివ్వలేదు. అయినా కొందరు దాచారు. ఒకాయన అయితే బంగాళాదుంపలు నిలవచేసే నేలమాళిగలో దాచాడట. వారం పెట్టిన చేయి నోరు మూస్తే, తిన్నవాడికి మిగిలే దారి అదొక్కటే కాబోలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. డిస్కవరీ కుర్రాళ్ళ మీద పెట్టిన డబ్బు దండగేనా? వాళ్ళు చదువుతూ ఉండగానే కదా తిమింగలాలు పోయింది. 1971 దాకా లెక్క చూస్తే ఒక్క దక్షిణ జార్జియా దగ్గరే 42,000కు పైగా నీలి తిమింగలాలు హతమయ్యాయి. తర్వాత 1998 నుంచి 2018 దాకా ఇరవై ఏళ్ళపాటు అక్కడ జరిపిన తిమింగల సర్వేల్లో కనిపించిన నీలి తిమింగలం ఒకే ఒక్కటి. ఇక కథ ముగిసిందనే అనుకున్నారు. 2020లో మళ్ళీ వెతికితే ఆ ఒక్క సర్వేలో 58 సార్లు నీలి తిమింగలాలు కనిపించాయి!

ఆ 58 అన్న అంకెకు అర్థం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? ఒకప్పుడు అక్కడ ఎన్నుండేవో, ఏ నెలలో వచ్చేవో, ఏం తినేవో తెలిస్తేగదా, ఇవి తిరిగి వస్తున్నాయని అనగలిగేది. ఆ పాత లెక్క రాసిపెట్టింది ఆ వారాలబ్బాయిలే. వాళ్ళ నివేదికలు 1929 నుంచి 1980 దాకా 37 సంపుటాలుగా వచ్చాయి. జీతం ఇచ్చింది నూనె డబ్బే అయినా, 77 అడుగుల్ని వాళ్ళు 70 అని రాయలేదు. అన్నం పెట్టినవాడి ముఖం చూసి అంకె మార్చలేదు. దానివల్ల ఆనాడు ఒక్క తిమింగలం కూడా బతికి ఉండకపోవచ్చు. తొంభై ఏళ్ళ తర్వాత మాత్రం ఆ అంకే పనికొచ్చింది.

అన్నం పెట్టే ఇల్లు కూడా మారింది. 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. 1982 నుంచి 1984 దాకా ట్యులిప్ అనే చిన్న తెరచాప పడవలో హాల్ వైట్‌హెడ్ అనే ముప్ఫై ఏళ్ళ వాడు, మరికొందరు కుర్రకారు శ్రీలంక దగ్గర తిమింగలాల వెంట తిరిగారు. తుపాకి లేదు, కత్తి లేదు. నీళ్ళలోకి మైకు దించి చప్పుడు వింటూ వెంటపడడమే. ఖర్చు భరించింది ప్రపంచ వన్యప్రాణి నిధి నెదర్లాండ్స్ శాఖ. ఎవరెవరో మామూలు మనుషులు ఇచ్చిన చందాలు. చచ్చిన తిమింగలం పెట్టిన వారం పోయి, బతికున్న తిమింగలం మీద ప్రేమ పెట్టే వారం వచ్చిందన్నమాట.

అయితే ఈ కొత్త వారాలతో ఒక చిక్కుంది. ఇప్పుడు కుర్రశాస్త్రజ్ఞులకు దొరికే డబ్బు చాలావరకు ఒక ఏడాదికీ, రెండేళ్ళకూ. తిమింగలం కడుపుతో ఉండేదే ఏడాది! బిడ్డకూ బిడ్డకూ మధ్య రెండు మూడేళ్ళు. అది బతికేది మన తాతల ఆయుష్షు. రెండేళ్ళ డబ్బుతో దాని కాపురం ఏం తెలుస్తుంది? మొదటి ఏడు పడవ నడపడం నేర్చుకునేలోపల రెండో ఏడు ఫలితం ఏదీ అని ఉత్తరం వస్తుంది. చదువు పూర్తయి, పెద్ద ఉద్యోగం ఇంకా రాని ఆ నాలుగైదేళ్ళలోనే తెలివైన పిల్లలు చాలామంది విసిగి వేరే దారి పడతారు. అందులో ఆడపిల్లలైతే పెళ్ళెప్పుడు అన్న ప్రశ్న ఉండనే ఉంది. సరిగ్గా ఆ నాలుగైదేళ్ళు అన్నం పెట్టడానికే డిస్కవరీ కమిటీ లాంటివి కావాలి.

వారం పెట్టే ఇల్లాలు పూర్వం ఒక నియమం పాటించేదట. కుర్రాడు అన్నం తింటూండగా మార్కులెన్నొచ్చాయని అడగకూడదని. అడిగితే ముద్ద దిగదు. పెట్టడం తన వంతు, చదవడం వాడి వంతు. వాడు పెద్దయ్యాక తనకు వ్యతిరేకంగానే కోర్టులో వాదించినా, ఆ అన్నం సద్వినియోగమైనట్టే. తిమింగలాలకు ఈ నియమం చెప్పనక్కర్లేదు, అవి ఎలాగూ ఏమీ అడగలేదు. డబ్బిచ్చే మనుషులకే చెప్పాలి.